రాయి మోసినవారి చరిత్ర

విద్యానగర్‌లో జరుగుతున్న ఈ శిల్పచరిత్ర సదస్సుకు అధ్యక్షత వహిస్తున్నాను.

ఇక్కణ్ణుంచి అశోక్‌నగర్ దాటి కాస్త ముందుకెళితే ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగర్ నడుమ నిలిచిన బుద్ధుడి గురించి చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే ఏ కుర్రాణ్ణడిగినా గుక్కతిప్పుకోకుండా చెబుతాడు: ఏకశిలా విగ్రహం, ఎత్తు సుమారు 18 మీటర్లు, బరువు దాదాపు 350 టన్నులు, సంకల్పం ఎన్.టి. రామారావుది, శిల్పం గణపతి స్థపతిది, రాయి భువనగిరి దగ్గరి రాయగిరిది. పరీక్షలో ఈ జవాబుకు మార్కులు పడతాయి. చరిత్రకారులకు మాత్రం అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

ఆ విగ్రహం కుడిచెయ్యి అభయముద్ర. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు సున్నపురాయిలో మలిచిన సంప్రదాయానికి అది గ్రానైటు కొనసాగింపు. అభయమిచ్చే ఆ మూర్తి 1990 మార్చి 10న సాగర్‌లోకి తరలిస్తుండగా నీళ్లలోకి ఒరిగిపోయింది. మోసుకెళుతున్నవాళ్లలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లకు పైగా అడుగున పడి ఉన్న రాయిని వెలికితీసి, 1992 డిసెంబర్ 1న పీఠం మీద నిలిపారు.

ఇలాంటి కథే మెక్సికోలో ఉంది. 16వ శతాబ్దపు స్పానిష్ సన్యాసి డియెగో దురాన్ దాన్ని రాసిపెట్టాడు. అజ్టెక్ చక్రవర్తి రెండో మోక్తెసుమా బలుల కోసం చాల్కో ప్రాంతం నుంచి ఒక బండను తెప్పిస్తుంటే, అది దారిలో మొరాయించి, తాను రానని నోరు విప్పి చెప్పిందట. చివరికి వంతెన విరిగి, లాగేవాళ్లతో సహా నీట మునిగిందట. ఈతగాళ్లు వెతికితే అక్కడ లేదు. పుట్టిన చోటికే తిరిగి వెళ్లిపోయిందట! బండి లాగే పశువులు, ఇనుప ఉలులు లేని సమాజమది. అన్ని టన్నుల రాయిని తాళ్లతో, దుంగలతో లాగినవాళ్ల ఆయాసమే ఆ రాయి నోట మాటగా వెలువడిందని నేను అనుకుంటాను.

ప్రతీకలకు అర్థమిచ్చేది కూడా రాయి చేరిన చోటే. 1978లో మెక్సికో నగరంలో విద్యుత్ కార్మికులు తవ్వుతుంటే కొయోల్‌షౌకి దేవత ఫలకం బయటపడింది. అడ్డం మూడు మీటర్లు దాటిన గుండ్రటి రాయి. తల, చేతులు, కాళ్లు వేరుపడిన స్త్రీమూర్తి. పురాణం ప్రకారం తమ్ముడు ఉయిత్సిలోపొచ్‌త్లి ఆమెను నరికి కొండ మీంచి తోసేశాడు. ఫలకం దొరికింది ఆ తమ్ముడి గుడిమెట్ల పాదాన. అక్కడ ఉన్నందువల్లే గుడి కొండైంది, పైనుంచి దొర్లే ప్రతి బలి పురాణానికి పునఃప్రదర్శన అయింది. ఇక 1790లో దొరికిన కోఅత్లిక్వే దేవత విగ్రహం అడుగుభాగాన భూదేవత రూపం చెక్కి ఉంది. విగ్రహం నిలబెట్టాక అది ఎవరి కంటా పడదు. ఆ శిల్పం చూపరుల కోసం కాదు, భూమి కోసం. నిలబెట్టినవాళ్లకే ఆ సంగతి ఎరుక.

మళ్లీ మన దగ్గరికి వస్తే, మన శాసనాలు దాతలను మరువవు. రామప్ప గుడి శాసనం 1213 నాటి రేచర్ల రుద్రుణ్ణి చెబుతుంది. జనం మాత్రం శిల్పిదిగా నమ్మే పేరుతోనే ఆ గుడిని పిలుచుకుంటారు. రాయిని తొలిచినవాళ్లు, లాగినవాళ్లు ఈ రెంటిలోనూ లేరు. కాకతీయుల కాలం కూలీలను ఇప్పుడు అడగలేం. రాయగిరిలో బండ కొట్టినవాళ్లను, తరలింపులో పనిచేసినవాళ్లను ఇంకా అడగవచ్చు. వాళ్లు వయసు మళ్లుతున్నారు. ఆలస్యం చేస్తే ఆ అవకాశమూ పోతుంది.

అందుకే నాది ఒకటే ప్రతిపాదన. వాళ్ల మాటలను వాళ్ల యాసలోనే రికార్డు చేయాలి. నాటి పత్రికలను, ప్రభుత్వ దస్త్రాలను గాలించి, సాగర్‌లో మరణించిన ప్రతి ఒక్కరి పేరూ ఊరూ చేర్చాలి. ఆ పని ఈ సదస్సు తొలి తీర్మానం కావాలని కోరుతూ, పత్రసమర్పణకు వక్తలను ఆహ్వానిస్తున్నాను.