పాత కారుకు చక్రమెంత?

సిరిసిల్ల వీథులలో తిరిగేవారికి సాంచాల చప్పుడు కొత్త కాదు. మర మగ్గాల నడుమ పుట్టి పెరిగినవారు ఆ చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా, గుమ్మం దాటకుండానే పసిగట్టగలరు. మోటారుకు ఉన్న పుల్లీ తీసి మరొక కొలత పుల్లీ బిగిస్తే మగ్గం వేగం మారుతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. నిమిషానికి 960 చుట్లు తిరిగే మోటారుకు మూడంగుళాల పుల్లీ, మగ్గానికి పద్దెనిమిదంగుళాల పుల్లీ ఉన్నవనుకుందాము. మగ్గం 160 చుట్లు తిరుగుతుంది. మోటారు పుల్లీని పావు అంగుళం పెంచితే అది 173 అవుతుంది. పావు అంగుళమే కదా అని ఊరుకుంటే, నూలు తెగడం మొదలవుతుంది. ముడులు వేసే చేతులకే ఆ పావు అంగుళం విలువ తెలుస్తుంది.

ఇంత తెలిసిన మనమే కారు చక్రం దగ్గరకు వచ్చేసరికి ఆ లెక్క మరచిపోతాము. ఈనాటి ప్రసంగం దానిని గురించే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలోనే కాదు, తెలుగునాట ఏ ఊరికి వెళ్ళినా, ఎవరో ఒకరి కొట్టములో గుడ్డ కప్పిన అంబాసిడరో, ఫియట్టో, జీపో కనిపించవచ్చును. ఒకనాడు అందులో పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళి ఉంటుంది. ఒక రాత్రి దవాఖానాకు పరుగెత్తి ఒక ప్రాణం నిలిచి ఉంటుంది. అటువంటి బండిని అమ్మడానికి పెద్దలకు మనసొప్పదు. పిల్లలకు దానిని మళ్ళీ రోడ్డు మీద చూడాలని ముచ్చట. ఇంజను బాగు చేయిస్తారు, రంగు వేయిస్తారు. ఆ మీదట కుమారుడు, "బాపూ, ఈ చిన్న చక్రాలు బాగాలేవు, పెద్దవి వేయిద్దాము" అంటాడు. ఆ తండ్రి ఏమి జవాబు చెప్పవలెను? వద్దనడానికైనా, సరే అనడానికైనా ఒక లెక్క ఉండాలి గదా.

మొదట, చక్రాల కొలతలు ఎట్లా వచ్చినవో చూద్దాము. మన ఎడ్లబండి చక్రం మనిషి రొమ్మెత్తు ఉండేది. అది అలంకారం కోసం కాదు. చక్రం ఎంత ఎత్తైతే గుంతను, రాయిని, మానేటి ఇసుకను అంత సులువుగా దాటుతుంది. తొలినాటి మోటారు కార్లు కూడా బండ్ల బాటల మీదనే నడవవలసి వచ్చినవి కనుక, వాటికీ ఎత్తైన, సన్నని చక్రాలే అమర్చినారు. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు వన్నె రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ కారు ఒకటి ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1911లో దానిని ఆర్డరు చేసి, అది చేరకముందే ఆ సంవత్సరంలోనే కాలం చేసినారు. దానిని చూడబోయినవారు సింహాసనం వంటి ఆసనాన్ని చూసి ఆశ్చర్యపడి వస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు చక్రాలను కూడా ఒక్క నిమిషం చూడండి. ఆనాటి దారులు ఎట్లా ఉండేవో అవి చెబుతవి.

అమెరికాలో 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కారుకు ముందు టైరు 30 ఇంటూ 3, వెనుక టైరు 30 ఇంటూ 3½. ఇక్కడ 30 అంటే టైరుతో సహా మొత్తం ఎత్తు, అంగుళాలలో. రెండవ అంకె టైరు మందం. కాబట్టి రిమ్ము ముందు 24 అంగుళాలు, వెనుక 23 అంగుళాలు అవుతుంది. దారులు బాగుపడి, గాలి ఎక్కువ పట్టే మెత్తని టైర్లు వచ్చిన కొలదీ రిమ్ములు చిన్నవైనవి. ఫోర్డు మోడల్ ఏ కారుకు 1928లో 21 అంగుళాలు, 1930లో 19 అంగుళాలు. 1932 నాటి ఫోర్డుకు 18, 1935కు 16 అంగుళాలు. మన అంబాసిడరుకు 5.90-15 అనే టైరు వచ్చేది. ఇందులో 5.90 అంగుళాలు టైరు వెడల్పు, 15 అంగుళాలు రిమ్ము వ్యాసం. ఫియట్ 1100కు, దాని కొనసాగింపైన ప్రీమియర్ పద్మినికి 5.20-14. పాత విల్లీస్ జీపుకు 6.00-16. ఒక్కొక్క కాలంలో అంకెల అర్థం ఒక్కొక్క విధంగా ఉన్నది. అంగడిలో టైరు అడిగేముందు, మన బండి టైరు మీది అంకెలు ఏ పద్ధతివో తెలుసుకోవలసి ఉంటుంది.

ఇక పెద్ద చక్రాల ముచ్చట. ఇది మన పిల్లలకే పుట్టినది కాదు. 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చవకగా కొని, మడ్‌గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, ఎండిన సరస్సుల మీద పరుగెత్తించేవారు. అటువంటి బండ్లకే హాట్ రాడ్ అని పేరు వచ్చినది. వారు ముందు చిన్న టైర్లు, వెనుక పెద్ద టైర్లు వేసేవారు. వెనుక చక్రం పెద్దదైతే ఇంజను ఒక చుట్టు తిరిగినప్పుడు బండి ఎక్కువ దూరం పోతుంది. చదునైన సరస్సు మీద గరిష్ఠ వేగం పెరుగుతుంది. అక్కడ వారికి ఎక్కవలసిన గుట్ట లేదు, అడ్డువచ్చే గేదె లేదు. వారు తమ అవసరానికి తగిన కొలత ఎంచుకున్నారు. మనం వారి బొమ్మ చూసి కొలత ఎంచుకుంటే, అది ఒకరి చెప్పులో మరొకరు కాలు పెట్టినట్లే.

అసలు సూత్రం ఒక్కటే. చక్రం బండికి నగ కాదు, యంత్రంలో చివరి పుల్లీ. ఇంజను పుట్టించిన బలం గేర్లు దాటి, ఇరుసు దాటి, చివరకు చక్రం ద్వారానే రోడ్డుకు చేరుతుంది. కనుక రిమ్ము పెద్దదా చిన్నదా అన్నది మొదటి ప్రశ్న కాదు. టైరుతో కలిపి మొత్తం ఎత్తు ఎంత అన్నది మొదటి ప్రశ్న.

ఒక ఉదాహరణ చూద్దాము. 165/80 ఆర్ 15 అనే టైరును తీసుకోండి. 165 మిల్లీమీటర్లు వెడల్పు. దానిలో నూటికి 80 వంతులు, అంటే 132 మిల్లీమీటర్లు, టైరు పక్కగోడ ఎత్తు. 15 అంగుళాల రిమ్ము 381 మిల్లీమీటర్లు. దానికి రెండు వైపుల గోడలు కలిపితే మొత్తం ఎత్తు 645. ఇప్పుడు 17 అంగుళాల రిమ్ముకు 205/50 టైరు వేస్తే మొత్తం 637 అవుతుంది. నూటికి ఒకటిన్నర కూడా తేడా లేదు. అదే రిమ్ముకు 215/60 టైరు వేస్తే 690. నూటికి ఏడు వంతులు పెరిగినది. రెండింటికీ రిమ్ము ఒక్కటే, చూపరులకు అందమూ ఒక్కటే. బండికి మాత్రం ఒకటి చుట్టము, ఒకటి పరాయి.

ఏడు వంతులు పెరిగితే ఏమవుతుంది? పాత బండ్లలో స్పీడోమీటరు తీగ గేర్ల పెట్టె దగ్గర చుట్లను లెక్కిస్తుంది గాని దూరాన్ని లెక్కించదు. ముల్లు 60 చూపేటప్పుడు బండి 64 మీద పోతూ ఉంటుంది. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను రొప్పుతుంది. అన్నింటికంటె ముఖ్యము బ్రేకు. బ్రేకు డ్రమ్ము పట్టే పట్టు పాతదే; చక్రం వ్యాసార్ధం పెరిగినందున రోడ్డు దగ్గర ఆ పట్టు నూటికి ఆరేడు వంతులు తగ్గుతుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న పాత బండికి అది చిన్న నష్టం కాదు. వేగం తెలియకుండా పెరిగినది, ఆగే శక్తి తెలియకుండా తగ్గినది. ప్రమాదానికి ఈ రెండూ చాలు.

మొత్తం ఎత్తు సరిపోయినంత మాత్రాన పని ముగియదు. మొదటి ఉదాహరణలో 132 ఉన్న పక్కగోడ 102 మిల్లీమీటర్లకు దిగినది. రిమ్ముకూ రాయికీ నడుమ ఉండే గాలిదిండు ఆ మేరకు పలుచనైనది. గుంతలో పడితే దెబ్బ రిమ్ముకూ, స్టీరింగు కీళ్ళకూ, కూర్చున్నవారి నడుముకూ తగులుతుంది. రిమ్ము మరీ బయటికి పొడుచుకుని వస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. మరీ లోపలికి పోతే పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి భాగాలకు ఒరుసుకుంటుంది. టైరు మోయగల బరువు దాని మీదనే అంకెగా ఉంటుంది. 75 అంటే ఒక్కొక్క టైరుకు 387 కిలోలు, 84 అంటే 500 కిలోలు. కుటుంబమంతా సామానుతో వేములవాడ ప్రయాణమైనప్పుడు ఈ అంకెకు అర్థం తెలిసివస్తుంది.

మరొక మాట. పాత పద్ధతి క్రాస్‌ప్లై టైరును, ఈనాటి రేడియల్ టైరును ఒకే ఇరుసుకు చెరొక వైపు ఎన్నడూ కట్టరాదు. రెండింటి నడక వేరు. నాలుగూ ఒకే జాతివి కావడం ఉత్తమం. ఆకుల చక్రాలకు, పాత రిమ్ములకు ట్యూబు తప్పనిసరి అనుకోండి. ముచ్చటకు దాచిన బండి తక్కువ తిరుగుతుంది కనుక దాని టైరు అరిగి చెడదు, వయసు మీరి చెడుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పైన గాట్లు కొత్తగా మెరుస్తున్నా, గోడ మీద సన్నని బీటలు కనిపిస్తే ఆ టైరును నమ్మరాదు.

ఇవన్నీ లెక్కలే అని విసుగు కలిగితే, ఇంటి ముందు చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. టైర్లలో సరిగా గాలి పట్టించండి. టైరు నేలను తాకే చోట సుద్దముక్కతో టైరు మీద ఒక గీత, నేల మీద ఒక గీత గీయండి. టైరు మీది గీత మళ్ళీ నేలకు వచ్చే దాకా బండిని మెల్లగా నెట్టండి. నేల మీది రెండు గీతల నడుమ దూరాన్ని టేపుతో కొలవండి. అదే మీ బండి ఒక్క అడుగు. పాత చక్రంతో ఒకసారి, కొత్త చక్రంతో ఒకసారి కొలిస్తే, ఏ దుకాణదారుని మాటా అక్కరలేకుండా తేడా మీకే తెలుస్తుంది. నూటికి రెండు మూడు వంతులు మించితే వద్దనుకోవడం మంచిది.

చట్టం మాట కూడా మరువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని నియంత్రిస్తున్నది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభై సంవత్సరాలు దాటి, మూలరూపంలో నిలిచిన వాహనాలను వింటేజి వాహనాలుగా రిజిస్టరు చేయించవచ్చును. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. ఇకమీదట ఉన్న బండ్లే బండ్లు. అందువలన, కొత్త చక్రాలు వేసినా వేయకున్నా, పాత రిమ్ములను పాతసామాను కింద అమ్మవద్దు. తుప్పు గీకించి, రంగు వేయించి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి.

కుమారుని ముచ్చటకు తండ్రి అడ్డు చెప్పనక్కరలేదు. ఒక సుద్దముక్క, ఒక టేపు ఆ పిల్లవాని చేతికి ఇస్తే చాలును. సాంచా పుల్లీని పావు అంగుళం తేడాతో గుర్తుపట్టే ఇంటివాడు, చక్రం దగ్గర తప్పు లెక్క వేయడు. కొలిచి వేసిన చక్రం మీద ఆ పాత బండి మరొక పెళ్ళికూతురిని క్షేమంగా అత్తవారింటికి చేరుస్తుంది.