కోడిపేగు, కొన్ని నిమిషాల గడువు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరిట జరిగే సభలో కోడిపేగు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. ఆయన పరిశోధించిన ఏటీపీ గురించో, ఫోలిక్ ఆమ్లం గురించో మాట్లాడితే సభకు నిండుగా ఉండేదన్నది వారి ఉద్దేశం. నిజమే. కానీ ఆయన కథలో పేగు రెండుసార్లు ఎదురవుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆ మనిషి సోదరులను స్ప్రూ పొట్టన పెట్టుకుంది. ఆయన్నీ అదే జబ్బు పీడిస్తే, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారు. స్ప్రూ చిన్నపేగు జబ్బు. ఇక రెండోది: ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో, ఆయన కన్నుమూసిన నాలుగు నెలలకు, కొన్ని కోడిపిల్లలు ఎవరూ అనుకోనంత ఏపుగా పెరిగాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇవాళ నేను చెప్పదలచింది ఒక్కటే. పేగు ముక్కను సూక్ష్మదర్శిని కిందికి చేర్చే విద్యలో మెట్లన్నీ ప్రయోగశాలల్లో కట్టినవే. ఆ స్లైడు పనికొస్తుందా రాదా అన్నది మాత్రం ముక్క ప్రయోగశాల గడప తొక్కకముందే, కోడి ప్రాణం పోయిన కొన్ని నిమిషాల్లోనే తేలిపోతుంది.

పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. దానినిండా సన్నని నూగులా చూషకాలు లేచి ఉంటాయి. వాటి మొదళ్ల మధ్య గుంతలుంటాయి. బెర్లిన్ వైద్యుడు యోహాన్ నతనాయెల్ లీబర్‌కూన్ 1745లో వీటి మీద లాటిన్‌లో పుస్తకం వేశాడు. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రం చదివినవారికి లీబర్‌కూన్ గుహికలు గుర్తుండే ఉంటాయి. అంతకుముందే, 1688లో, ఇటలీలో మాల్పీఘీ వాటిని చూశాడు. ఇద్దరికీ లేనిది ఒక్కటే: కణాల పొరను చెక్కుచెదరకుండా నిలిపే ద్రవం. లీబర్‌కూన్ సన్నని రక్తనాళాల్లోకి రంగు కలిపిన మైనపు మిశ్రమం ఎక్కించి, చూషకం ఆకారాన్ని నిలబెట్టాడు. ఆకారం నిలిచింది కానీ దాని పైనున్న కణాల పొర నిలవలేదు.

ఎందుకు నిలవదో కోడి విషయంలో మరీ తేలిగ్గా అర్థమవుతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ పైమాటే. ప్రాణం పోగానే రక్తం ఆగుతుంది కానీ పేగులోని జీర్ణరసాలు ఆగవు, అక్కడి బ్యాక్టీరియా ఆగదు. నిన్నటిదాకా దాణాను అరిగించిన రసమే ఇప్పుడు గోడను అరిగిస్తుంది. ముందు చూషకం కొనమీది కణాలు కిందినుంచి విడివడి లేస్తాయి, తర్వాత రాలిపోతాయి. మన ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఈ పని ఎంత చురుగ్గా సాగుతుందో చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు ఒక డాక్టరు వేలికొసల మీద దొరికింది. 1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మాల్డిహైడ్‌కు క్రిములను చంపే శక్తి ఎంతుందో పరీక్షిస్తున్నాడు. ఆ ద్రావణంలో తడిసిన తన వేళ్ల చర్మం గట్టిపడటం గమనించాడు. చర్మాన్ని గట్టిపరిచేది కణజాలాన్ని ఎందుకు గట్టిపరచదు అనుకున్నాడు. అప్పుడు వాడిన పాళ్లే దాదాపుగా ఇప్పటికీ నడుస్తున్నాయి: సీసాలో వచ్చే ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. అంటే ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతం. తర్వాతి తరంవాళ్లు అందులో ఫాస్ఫేటు లవణాలు కలిపి ఆమ్లగుణం తీసేశారు. లేకపోతే రక్తం ఉన్నచోటల్లా గోధుమరంగు మచ్చలు పడి, చూసేవాడు జబ్బు మచ్చలనుకుంటాడు.

మైనం సంగతి, కత్తి సంగతి త్వరగా చెప్పేస్తాను. 1869లో ఎడ్విన్ క్లెబ్స్ అనే వైద్యుడు కణజాలాన్ని పారఫిన్ మైనంలో పొదిగాడు. కోడి మనకు ఉపకారం చేసింది కత్తి దగ్గరే. 1860ల్లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో విల్హెల్మ్ హిస్, కోడిగుడ్డులో పెరిగే పిండాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా వరసగా సన్నని పొరలుగా కోసి చూడాలనుకున్నాడు. చేతికత్తితో అయ్యే పని కాదు. అందుకోసం మైక్రోటోమ్ అనే కోత యంత్రం కట్టుకున్నాడు. 1880ల్లో పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా వచ్చే యంత్రాలు వచ్చాయి. హార్వర్డ్‌లో చార్లెస్ మైనట్ చేయించిన చక్రం పిడి నమూనా ఇవాళ్టికీ మన కళాశాలల్లో తిరుగుతోంది.

రంగు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలనిపిస్తోంది. పేగు పొర మైనంలోంచి బయటికొచ్చాక రంగూ రూపూ లేకుండా ఉంటుంది. హెమటాక్సిలిన్ అనే రంగు మెక్సికోలోని కంపేచీ తీరపు చెట్టు చేవలోంచి వస్తుంది. స్పెయిన్‌వాళ్లు ఆ దుంగలను ఓడల్లో తరలించింది గుడ్డలకు అద్దకం వేయడానికి. 1865లో బోమర్ అనే పరిశోధకుడు దానికి పటిక కలిపాక అది కణకేంద్రకాన్ని నీలంగా పట్టుకుంది. పటిక లేనిదే రంగు నిలవదని మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు. రసాయనం అదే. 1870ల్లో జర్మన్ రంగుల పరిశ్రమ ఇయోసిన్‌ను ఇచ్చింది, 1876లో ఆ రెండు రంగుల జోడీ కుదిరింది. కేంద్రకం నీలం, మిగతాది గులాబీ. ఒకటిన్నర శతాబ్దంగా కణజాలం చూసి రోగనిర్ధారణ చేసేవారు ఎక్కువగా ఈ రెండు రంగుల్లోనే జబ్బును చదువుతున్నారు.

ఇన్ని సాధనాలు చేతికొచ్చాయి, అయినా పేగు దగ్గర వైద్యలోకం పొరబడింది. సుబ్బారావుగారి కుటుంబాన్ని దెబ్బతీసిన స్ప్రూలోనూ, దాని సోదర వ్యాధుల్లోనూ పేగు చూషకాలు చదునవుతాయి. ఆ సంగతి శవపరీక్షల్లో కనబడినా నమ్మేవాళ్లు తక్కువ. అది జబ్బు కాదు, చనిపోయాక కుళ్లడం అన్నారు. ఆ అనుమానం సహేతుకమే, ఎందుకంటే చాలాసార్లు అది కుళ్లడమే. డెన్మార్క్ వైద్యుడు హెస్ థైసెన్ ప్రాణం పోగానే రోగి పొట్టలోకి ఫార్మలిన్ ఎక్కించి మరీ చూశాడు, గోడలో చెప్పుకోదగ్గ మార్పు లేదన్నాడు. ఆ మాట రెండు దశాబ్దాలు చెల్లింది. 1954లో ఇంగ్లండులో పాలీ అనే వైద్యుడు ఆపరేషన్ బల్లమీద, బతికున్న రోగుల పేగునుంచే ముక్కలు తీసి దెబ్బతిన్న చూషకాలను చూపించాకగానీ వాదం సద్దుమణగలేదు. మనుషుల పేగుకు ఇంత రభస జరిగితే, బుట్టలో వేసుకొచ్చిన చచ్చిన కోడి పేగుకు ఎంత జరగాలి?

మన దేశంలో కోళ్ల జబ్బుల అధ్యయనానికి ఒక పెద్ద కుదుపు కుమావూఁ కొండల్లో వచ్చింది. పూనాలో 1889లో మొదలై 1893లో ముక్తేశ్వర్‌కు తరలిన ఇంపీరియల్ బ్యాక్టీరియలాజికల్ లేబొరేటరీ ఆ చుట్టుపక్కలే ఉండేది. 1926లో జావాలోనూ, ఇంగ్లండు న్యూకాజిల్‌లోనూ బయటపడిన తెగులు, ఆ వెంటనే రాణిఖేత్‌లో కనిపించింది. మన పల్లెల్లో కొక్కెర తెగులంటే అదే. తీవ్రమైన రకం సోకిన కోడి పేగులో నెత్తురు మచ్చలు, సీకాల (పేగు చివరి మూసిన సంచుల) మొదట్లో ఉండే టాన్సిళ్లలో పుండ్లు కనిపిస్తాయి. అటు అమెరికాలో హార్వర్డ్ పండితుడు ఎర్నెస్ట్ టిజర్ 1929లో కాక్సీడియా పరాన్నజీవులను జాతులవారీగా విడదీశాడు. మన రైతులు రక్తపారుడు అనే జబ్బు వీటిదే. ఏ జాతికి పేగులో ఏ చోటు ఇష్టమో తెలియడం అప్పటినుంచే గట్టిపడింది: అసర్వులైనా చిన్నపేగు మొదటి భాగమైన డియోడినంలో, మాక్సిమా నడిపేగులో, టెనెల్లా సీకాల్లో. అందుకే ముక్క ఎక్కడ తీశామో రాయకుండా పంపితే సగం సమాచారం పారేసినట్టే.

ఇప్పుడు లెడర్లీకి వస్తాను. అక్కడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. ఆ డిసెంబరులో అక్కడే పనిచేసే థామస్ జూక్స్ కోడిపిల్లలకు విటమిన్ బి12 దొరికే మేతలను రకరకాలుగా పెట్టి తూచాడు. ఆరియోమైసిన్ తయారుచేయగా మిగిలిన మడ్డి తిన్న పిల్లలు అన్నిటినీ మించి తూగాయి. జూక్స్, స్టోక్‌స్టాడ్ చేసిన ఈ పని 1950లో లోకానికి తెలిసింది. అక్కడినుంచి చిటికెడు యాంటీబయాటిక్ దాణాలో కలపడం ప్రపంచమంతా అలవాటైంది. తణుకు, అనపర్తి షెడ్లలోకీ ఆ అలవాటు నడిచొచ్చింది. ఆ మందు ఎలా పనిచేస్తోందని వెతికినవారికి, మందు తిన్న కోడి పేగు పలచగా, తేలిగ్గా ఉందని కనిపించింది. పేగు గోడను కొలవడం మొదలైంది.

తర్వాత కథ మీకు తెలిసిందే. మందులకు లొంగని క్రిములు పెరిగాయి. స్వీడన్ 1986లోనే ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి మొత్తం ఆపేసింది. మన ప్రభుత్వం 2019లో కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడరాదంది. ఆ ఖాళీలోకి మేలుచేసే బ్యాక్టీరియా, సేంద్రియ ఆమ్లాలు, వాము, పసుపు, వెల్లుల్లి అన్నీ వచ్చాయి. ప్రతి సరుకూ తన గొప్ప చెప్పుకోవడానికి చూపించే సాక్ష్యం ఒకటే: చూషకం పొడవెంత, గుంత లోతెంత, వాటి నిష్పత్తి ఎంత. చూషకం పొడవుగా ఉంటే మేతను పీల్చుకునే జాగా ఎక్కువ. గుంత మరీ లోతైతే, పైన రాలిపోతున్న కణాలకు బదులు కొత్తవి పుట్టించడానికి పేగు శ్రమపడుతోందని అర్థం.

అంకెలు చూడగానే మనకు గౌరవం పుడుతుంది. ఆ అంకె ఎలా పుడుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. డియోడినం వంపులోంచి రెండు సెంటీమీటర్ల ముక్క తీశారనుకుందాం. ఫోర్సెప్స్‌తో నడిమధ్య నొక్కితే అక్కడి చూషకాలు నలిగిపోయాయి. లోపలి మేత కడగడానికి కొళాయి నీళ్లు పోస్తే కణాలు ఉబ్బాయి. అక్కడ సెలైన్ వాడాలి, అదీ మెల్లగా. గోరుతో గీకడం అసలే కూడదు. ముక్కను ఫార్మలిన్‌లో వేశారు, సీసా చిన్నది. ముక్క ఘనపరిమాణానికి కనీసం పదిరెట్లు ద్రవం లేకపోతే నడుమ భాగం పచ్చిగానే ఉంటుంది. 24 నుంచి 48 గంటలు నానాక ఆల్కహాలు మెట్లు: 70 శాతం, 80, 95, ఆపైన నీరే లేని ఆల్కహాలు. తర్వాత జైలీన్, 60 డిగ్రీల దగ్గర కరిగిన మైనం. ఇక్కడ ముక్క కొంత కుంచించుకుపోతుంది, అది అందరికీ సమానమే.

మరో చిక్కు అచ్చులో ఉంది. పేగు గొట్టాన్ని అచ్చులో నిటారుగా నిలబెట్టాలి. మైనం చల్లబడేలోగా అది ఒరిగిందా, కత్తి దాన్ని ఏటవాలుగా కోస్తుంది. ఏటవాలు కోతలో పొడవాటి చూషకం పొట్టిగా అవుపిస్తుంది, గుంతలు గుండ్రని ఉంగరాల్లా కనిపిస్తాయి. ఐదు మైక్రాన్ల మందం పొరను 45 డిగ్రీల లోపు వేడినీటి తొట్టిలో తేలవేసి, ముడతలు పోగానే స్లైడు మీదికి ఎత్తుతున్న టెక్నీషియన్‌ను చూడండి. ఆ చేతికి నైపుణ్యం లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు. కొననుంచి మొదలుదాకా నిండుగా కోతకు దొరికిన చూషకాన్నే కొలవాలి. దొరకకపోతే ఆ స్లైడును వదిలెయ్యాలి. వదిలెయ్యడానికి మనసు రాదు, అదీ నిజమే.

నేను చదివిన పత్రాల్లో చాలావాటిలో సూక్ష్మదర్శిని కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి. కోడి చనిపోయాక ముక్క ఫార్మలిన్‌లో పడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఉండదు. దీన్ని నేను చిన్న లోపంగా చూడను. ఒకేసారి చంపిన కోళ్లలో, మందు ఇవ్వని కంట్రోలు గుంపును ఆఖరున కోసి, మందు గుంపును ముందు కోస్తే చాలు, పనికిరాని మందు కూడా గెలవవచ్చు. అలాగే చూషకాల కొనలు ఊడిన స్లైడు చూసి జబ్బు అని రాసేముందు, చుట్టూ నెత్తురు చిమ్మిందా, తెల్లకణాలు చేరాయా చూడాలి. ఆ స్పందన లేకుండా ఊడితే అది చచ్చాక ఊడింది.

రైతు సోదరులకు నా విన్నపం. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన కోడిని పరీక్షకు తేవద్దు. మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. జబ్బుపడిన బతికున్న కోడిని తెస్తే మంచిది. వీలుకాకపోతే మీ పశువైద్యుడు షెడ్డులోనే కోసి ముక్కలు తీస్తారు. వెడల్పు మూతి సీసాల్లో తయారుగా ఉన్న ఫార్మలిన్ వారి సంచిలో ఉండాలి. ఆ ద్రవం కళ్లను మండిస్తుంది, క్యాన్సర్ కారకమని 2004లోనే తేల్చారు. కనుక తొడుగులతో, గాలి ఆడేచోట, పిల్లలకు అందకుండా వాడాలి. సీసాలోని చీటీని పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ద్రవంలో కరిగిపోతుంది.

విద్యార్థులకూ, వారి గైడులకూ ఒక్క కోరిక. ఇకమీద మీరు రాసే ప్రతి సిద్ధాంత గ్రంథంలో, పద్ధతుల అధ్యాయంలో, కోడి ప్రాణం పోవడానికీ ముక్క ఫార్మలిన్‌లో పడటానికీ మధ్య ఎన్ని నిమిషాలో, ఏ గుంపును ఏ వరసలో కోశారో రాయండి. పరీక్షకులుగా వచ్చేవారు ఆ వాక్యం లేని గ్రంథాన్ని వెనక్కి పంపండి.