పూర్తికాక ముందే చూచి చెప్పుడు

(జిల్లా వెబ్‌సైటు నూతన రూపమునకు తయారైన తొలి నమూనాను గూర్చి గ్రామ పంచాయతీ సభ్యులు, రైతులు, మహిళా సంఘముల సభ్యురాండ్ర సమావేశమున సమాచార శాఖాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



సాధారణముగా ప్రభుత్వ శాఖలవారు మీ గ్రామమునకు వచ్చునది పని పూర్తియైన పిమ్మట. భవనము కట్టుట ముగియును, సున్నము వేయుదురు, గుమ్మమునకు రిబ్బను కట్టుదురు, అప్పుడు మిమ్ములను పిలుతురు. ఆనాడు మీరు చేయగలిగినది చప్పట్లు కొట్టుట మాత్రమే. మెట్లు మరీ ఎత్తుగా నున్నవి, ముసలివారు ఎక్కలేరు అని ఎవరైన అన్నను ప్రయోజనము లేదు. మెట్లు కట్టుట అప్పటికే అయిపోయినది. నేడు నేను వచ్చినది అట్టి సందర్భమునకు కాదు. మన జిల్లా వెబ్‌సైటును తిరిగి కట్టుచున్నాము. పని సగము కూడ కాలేదు. కొన్ని పుటలు ఖాళీగా నున్నవి. కొన్ని మీటలు నొక్కినను ఏమియు జరుగదు. ఈ స్థితిలోనే దానిని మీ ముందుంచుచున్నాము. ఏలయనగా, మీ మాట వలన మార్పు జరుగుటకు వీలున్న కాలము ఇదియే.

ఈ వెబ్‌సైటుతో మాకేమి పని యని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. సోమవారమునాడు కలెక్టరు కార్యాలయమునకు పోయి అర్జీ ఇచ్చి వచ్చినవారు ఈ సభలో ఎందరో కలరు. ఆ దినపు కూలి పోవును, బస్సు చార్జీ అదనము. అర్జీ ఏమైనదో తెలిసికొనుటకు మరల ఇంకొక దినము పోవలెను. ఆ అర్జీ ఎవరి బల్లమీద నున్నదో, ఎందుకు ఆగినదో ఇంటి వద్దనే ఫోనులో కనబడినచో రెండవ ప్రయాణము తప్పును. కనబడవలసినది పాత సైటులో కూడ కనబడుచునే యున్నదని మా శాఖవారు చెప్పుదురు. నిజమే. కాని అది ఎక్కడనున్నదో కనుగొనుటకు నాలుగు పుటలు దాటవలెను. ఆ నాలుగింటిలో రెండు ఇంగ్లీషులో నున్నవి. ఉన్నదన్నమాట వేరు, దొరకునన్నమాట వేరు.

పూర్తికాని పనిని ప్రజలకు చూపుట చిన్నతనమని కొందరు పెద్దలు అభిప్రాయపడిరి. ఈ పద్ధతి క్రొత్తది కాదని వారికి మనవి చేసితిని. ఇంగ్లండు దేశమున ప్రభుత్వ శాఖలకు వందలకొలది వెబ్‌సైట్లు ఉండెడివి. ప్రజలకు ఏది ఎక్కడ వెదకవలెనో తెలిసెడిది కాదు. 2010లో మార్తా లేన్ ఫాక్స్ అను ఆమె ప్రభుత్వమునకు నివేదిక నిచ్చి, అన్నింటికిని ఒకే వాకిలి ఉండవలెనని సూచించెను. అంతట ఒక చిన్న బృందము 12 వారములలో ఒక నమూనాను తయారుచేసి, 2011 మే నెలలో ఆల్ఫా అను పేరుతో దానిని లోకమునకు బయలుపరచెను. ఆల్ఫా యనగా గ్రీకు అక్షరమాలలో మొదటి అక్షరము. మన భాషలో చెప్పవలెనన్న అది ‘అ’ దిద్దుట వంటిది. ఇది అసలు సైటు కాదు, దీనిని చూచి తప్పులు చెప్పుడని వారు బాహాటముగా కోరిరి.

తప్పులు చెప్పువారు కరువు కాలేదు. అన్నింటికంటె తీవ్రముగా వచ్చిన విమర్శ, కన్ను కనపడనివారు మొదలగు వికలాంగుల సౌకర్యమును ఆ నమూనాలో పట్టించుకొనలేదన్నది. ఇది తొలి ప్రయత్నము గనుక ఆ పనిని తరువాతి దశకు విడిచితిమని ఆ బృందమువారు ముందే చెప్పియుండిరి. ఆ సమాధానము విమర్శకులకు రుచించలేదు. నా మట్టుకు నాకును రుచించలేదు. వాకిలి కట్టునప్పుడే వాలుదారి కట్టవలెను గాని, మెట్లు ముగించిన పిమ్మట దానికి చోటు వెదకరాదు. అయినను, ఆ మాట నమూనా దశలోనే పడుట మేలైనది. 2012 జనవరి చివర బీటా అను రెండవ నమూనా వచ్చెను. 2012 అక్టోబరు 17న గవ్ డాట్ యూకే అను అసలు సైటు పాత సైట్ల స్థానమును తీసికొనెను. 2013లో లండనులోని డిజైన్ మ్యూజియము ఆ సంవత్సరపు ఉత్తమ రూపకల్పన బహుమానమును దానికే ఇచ్చినది. బంగారు పూతలేమియు లేని, నల్లని అక్షరముల సాదా సైటు అది!

దీనికి మారుగా ఇంకొక సంగతి చెప్పెదను. 2013 అక్టోబరు 1న అమెరికాలో ఆరోగ్య బీమా కొరకు కేంద్ర ప్రభుత్వము ఒక గొప్ప వెబ్‌సైటును తెరచినది. లక్షలాది జనము ఒక్కసారిగా వచ్చిపడిరి. మొదటి దినమున నమోదు పూర్తి చేసికొనగలిగినవారు ఆరుగురు! కారణములు అనేకములు, కాని భాగములన్నింటిని కలిపి మొదటినుండి చివరి వరకు పరీక్షించి చూచుట తుది వారములలో మాత్రమే జరిగినదని తరువాత బయటపడెను. ధనమునకు, విద్యావంతులకు అచ్చట లోటు లేదు. ముందుగా చూచుటకే వేళ లేకపోయినది.

మన ప్రాంతమువారికి కూడ ఈ విషయము పరాయిది కాదు. 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధి హామీ పనుల లెక్కలను గ్రామసభలో చదివి వినిపించి, సామాజిక తనిఖీ చేయుట మీరెరిగినదే. ఎవరి పేర ఎన్ని పనిదినములు వ్రాసిరో విని, లేచి నిలువబడి కాదన్నవారు మీలోనే యున్నారు. కాగితమును ప్రశ్నించినవారికి ఫోను తెరను ప్రశ్నించుట కష్టము కాదు.

ఇక మేము మిమ్ములను అడుగునదేమి? సైటు బాగున్నదా, బాగులేదా అని అడుగము. అట్లడిగినచో ఇంటికి వచ్చిన అతిథితో పలికినట్లు బాగున్నదనియే చెప్పుదురు. ఆ మర్యాద మాకు ఉపకరింపదు. మీకొక పని చెప్పుదుము. ఇచ్చిన అర్జీ ఏమైనదో కనుగొనుడు. వృద్ధాప్య పింఛను దరఖాస్తునకు ఏయే కాగితములు కావలెనో కనుగొనుడు. మీరు వెదకుచుండగా మావారు ప్రక్కన కూర్చుండి చూతురే గాని నోరు మెదపరు. మీరెక్కడ ఆగితిరో, ఏ మీటను పొరపాటున నొక్కితిరో వ్రాసికొందురు. ఇందులో పరీక్ష మీకు కాదు, సైటునకు. దారి తప్పినది మీరైనను, తప్పు దారి వేసినవానిదే యని గ్రహింపుడు.

ఇందుకు వేలకొలది జనము అవసరము లేదు. ఈ విద్యలో పేరుపొందిన జేకబ్ నీల్సన్ అను పండితుడు లెక్కవేసి, ఐదుగురి చేత ప్రయత్నింపజేసినచో లోపములలో సుమారు 85 శాతము బయటపడునని 2000లో వ్రాసెను. పంచాయతీ యన్న మాటలోనే ఐదు ఉన్నదిగదా! అయితే ఆయనయే చెప్పిన షరతు ఒకటి కలదు. వాడువారు భిన్న వర్గములవారైనచో ఒక్కొక్క వర్గమునుండి వేరువేరుగా మనుష్యులను పిలువవలెను. చదువుకొన్న యువకులు ఐదుగురు చూచిన దానివలన వారి అవ్వకు కలుగు కష్టము తెలియదు. కావున ఫోనులో ఆరితేరినవారికంటె, ఫోనన్న వెనుదీయువారి రాకయే మాకు ఎక్కువ అవసరము.

అన్నింటికంటె ఎక్కువ చిక్కు మాటలతో వచ్చుచున్నది. కార్యాలయములో కూర్చున్నవారికి ఒక భాష, అర్జీ పట్టుకొని వచ్చినవారికి ఒక భాష. పాత సైటులో ‘ఫిర్యాదుల పరిష్కార వేదిక’ యని యున్నది. ఆ పేరుతో దానిని పిలుచువారిని నేనొక్కరిని కూడ చూడలేదు. అందరును అర్జీ యనియే అందురు. క్రొత్త నమూనాలో ‘అర్జీ ఇచ్చుట’, ‘అర్జీ ఏమైనది’ అని రెండు మాటలుంచితిమి. భూమి సంబంధమైన అర్జీలో ‘ఖాతా సంఖ్య’ యను గడి కలదు. అది చూడగానే బ్యాంకు పుస్తకము తీయువారు అనేకులుందురని మాకు శంక. అచ్చట కావలసినది పట్టాదారు పాసు పుస్తకములోని ఖాతా. దానిని ఏమన్నచో పొరబాటు పడకుందురో మీరే చెప్పవలెను. మన జిల్లాలో అడంగలు అనుదానిని తెలంగాణమున పహాణీ యందురు. అట్టి మాటలను మావంటివారు బల్లముందు కూర్చుండి నిర్ణయింపజాలరు.

అర్జీ చివర నున్న మీట విషయమున మాలో మాకే తగవు వచ్చినది. ‘సమర్పించు’ అనుట గుడిలో కానుక ఇచ్చునట్లున్నదని ఒకరు ఆక్షేపించిరి. ‘పంపు’ అనవచ్చునని సూచించిరి. నీటి పంపు అనుకొందురేమో యని వేరొకరి సందేహము. వారము దినములు గడచినను ఈ తగవు తీరలేదు. దీనిని మీ తీర్పునకు విడిచితిమి.

రెండవది అక్షరము. ఇంగ్లీషు అక్షరమునకు చాలిన చోటు తెలుగు అక్షరమునకు చాలదు. క్రింద వత్తు, పైన గుడి ఉన్నప్పుడు వరుసల నడుమ చోటు తక్కువైనచో ఒక వరుస వత్తులు తరువాతి వరుస తలకట్టులకు తగులును. నగరములలో పెద్ద తెరపై చూచి బాగున్నదని ఒప్పుకొన్నది, చిన్న ఫోనులో చదువరాకపోవుట కద్దు. మరియొక సంగతి, ఎండ. చల్లని గదిలో అందముగా కనబడు బూడిదరంగు అక్షరములు, మధ్యాహ్నము పొలము గట్టున నిలిచి చూచినచో కనబడవు. దయచేసి ఒక్కసారి ఎండలోనికి తీసికొనిపోయి చూడుడు. ఈ పరీక్షను మేము మా గదిలో చేయజాలము.

మూడవది చదువు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి రాష్ట్రమున ఏడేండ్లు దాటినవారిలో అక్షరాస్యులు 67 శాతము. అనగా దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆనాడు అక్షరము రాదు. వారికొరకు నమూనాలో ముఖ్యమైన పుటలను చదివి వినిపించు మీట నొకదానిని ఉంచితిమి. ఆ కంఠము స్పష్టముగా నున్నదా, వేగముగా పోవుచున్నదా, అసలు ఆ మీట యున్నట్లు కంటికి ఆనుచున్నదా అన్నది వినువారే చెప్పవలెను. చదువు రాదని వెనుక వరుసలో కూర్చున్న తల్లులు ముందుకు రావలెనని ప్రార్థించుచున్నాను.

మొదటి పుటలో పెద్దల ఛాయాచిత్రములు ఏవని కొందరు అడిగిరి. ఉన్నవి, లోపలి పుటలో నున్నవి. చిన్న ఫోనులో మొదట కనబడు నాలుగంగుళముల చోటు విలువైనది. దానిని అర్జీకి, పింఛనుకు, ధ్రువపత్రములకు, అత్యవసర ఫోను నంబర్లకు ఇచ్చితిమి.

మీరు చెప్పినదెల్ల జరుగునని మాట ఇయ్యలేను. దరఖాస్తులోని కొన్ని గడులు నిబంధనల ప్రకారము ఉండవలసినవి. వానిని తీసివేయు అధికారము జిల్లాకు లేదు. ఒకరు కావలెనన్నదానిని ఇంకొకరు వలదనుటయు కలదు. మీ పిల్లలు చదువు వికీపీడియాను చూడుడు. దాని రూపమును మార్చు పని 2019లో మొదలుపెట్టి, 2020 నుండి ముందుకు వచ్చిన కొన్ని భాషల వికీపీడియాలలో ప్రయత్నించి, చివరకు 2023 జనవరి 18న ఇంగ్లీషు వికీపీడియాలో అమలుచేసిరి. ఇంత నెమ్మదిగా నడచినను తగవులు తప్పలేదు. వ్రాత మరీ ఇరుకైనదని, ఇరుప్రక్కల తెల్లని చోటు వ్యర్థమని పెక్కుమంది వాదించిరి. ఇరుకు వరుసయే చదువుటకు సుఖమని నిర్వాహకుల వాదము. కావలసినవారు వెడల్పు చేసికొనుటకు ఒక మీటను అమర్చిరి. అందరి మాటయు నెగ్గలేదు, కాని ఎవరి మాటయు గాలికి పోలేదు.

మేము ఇయ్యగలిగిన మాట ఇది. వచ్చిన ప్రతి సూచనకు వరుస సంఖ్య వేసి, దానికెదురుగా చేసితిమో, చేయలేదో, చేయనిచో ఎందువలననో వ్రాసి, ఆ పట్టికను గ్రామ సచివాలయపు గోడపై అంటించుదుము. పేర్లు వ్రాయము. ఎవరి సూచనయో తెలియవలసిన పని లేదు. విమర్శించినవారి పింఛనుకు గాని, రేషనుకు గాని దీనితో ఏ సంబంధము లేదని బహిరంగముగా చెప్పుచున్నాను, ఏలయనగా ఆ భయముతో నోరు విప్పనివారుందురని నాకు తెలియును.

ఒక హెచ్చరిక. నమూనాలో నున్న పేర్లు, సంఖ్యలు కల్పితములు. మీ ఆధార్ సంఖ్యను అందులో వ్రాయవద్దు. ఫోనునకు వచ్చు ఓటీపీని మా మనిషి యని చెప్పుకొని ఎవరడిగినను చెప్పవద్దు. ఈ పరిశీలనకు ఆ రెంటితోను పని లేదు. అడిగినవాడు మావాడు కాడు.

వచ్చు నాలుగు శనివారములు ఉదయము పది గంటల నుండి సచివాలయములో నమూనా తెరచియుండును. ఫోను ఉన్నవారు తమ ఫోనునే తెచ్చుకొనవలెను. గాజు పగిలిన పాత ఫోనైన మరీ మంచిది. ఫోను లేనివారికి అచ్చట రెండు ఉంచుదుము. వ్రాయలేనివారు నోట చెప్పిన చాలును, డిజిటల్ అసిస్టెంటు మీ మాటలలోనే వ్రాసికొని, తిరిగి చదివి వినిపించును. నాలుగవ శనివారము తరువాత రెండు నెలలు దిద్దుబాటు పని జరుగును. అటుపిమ్మట శాఖలన్నియు దీనితో కలుపబడును. అప్పుడు ఒక్క మాట మార్చవలెనన్నను అనేక కార్యాలయముల అనుమతి కావలసివచ్చును.

ఇప్పుడు ఈ గోడమీద తెర వెలిగించుచున్నారు. వెనుక వరుసలోని రైతులలో ఎవరైన ఒకరు వచ్చి, ఈ ఫోను చేతబట్టి, పోయిన సోమవారము ఇచ్చిన అర్జీ ఏమైనదో వెదకి చూపవలెనని కోరుచున్నాను. తక్కినవారు దయచేసి ఆయనకు అందింపు మాటలు చెప్పవద్దు.