తెరచాటు బల్లలు

కిందటి నవంబరులో మా అబ్బాయి కంప్యూటర్లో పింఛను వివరాలు నింపుతుంటే ఏవో మీటలు తగిలి తెర ఖాళీ అయింది. గంట శ్రమ పోయిందనుకొని మళ్ళీ మొదలుపెట్టాను. మనవరాలు వచ్చి కంట్రోల్, విండోస్ మీటలు పట్టుకొని ఎడమ బాణం నొక్కింది. నా కాగితం అలాగే ఉంది!

2015లో వచ్చిన విండోస్ 10 నుంచి ఒక్క తెరకే ఇలా అనేక బల్లలు, అంటే డెస్క్‌టాప్‌లు, పెట్టుకోవచ్చు. మన గోదావరిఖని గనుల్లో ఒకే పనిస్థలానికి మూడు షిఫ్టులు వంతులుగా వచ్చినట్టు. కనబడని షిఫ్టు ఇంటికి పోయిందే గాని, ఉద్యోగం మానలేదు గదా! విండోస్, టాబ్ కలిపి నొక్కితే బల్లలన్నీ వరసగా కనబడతాయి. రెండు తెరలున్నవారు విండోస్, షిఫ్ట్ పట్టుకొని బాణం నొక్కితే కాగితం అవతలి తెరకు పోతుంది. (ఈ షిఫ్ట్ వేరు లెండి.)

లేచేముందు ఆ వరస ఒకసారి చూసుకోండి. రెండోసారి మొదలుపెట్టిన కాగితం మూయడం నేను మరిచాను. ఖాతా నంబరుతో సహా అది రెండు రోజులు పక్క బల్లమీద తెరిచే ఉంది.