మట్టి కుండీపై మన అక్షరము

(అర్ధసంవత్సరపు సెలవులకు ముందు మదురైలో సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ నెలాఖరున మన పిల్లలకు పరీక్షలు ముగిసి సెలవులు వచ్చును. అటుపై రెండు వారములకే సంక్రాంతి. ఈ నడుమ పిల్లలచేత మట్టి కుండీలకు రంగులు వేయించి, విత్తనములు నాటించవలెనని తలపెట్టితిమి. ఇది వట్టి కాలక్షేపమని కొందరు తలంపవచ్చును. గత సంవత్సరము మేమును అటులనే తలంచి రెండు పొరపాట్లు చేసితిమి. వానిని ముందుగా ఒప్పుకొనుట న్యాయము.

మొదటిది రంగుల విషయము. కుండీలు మెరయవలెనని లోపలను వెలుపలను తైలవర్ణము పూయించితిమి. మట్టి కుండీ గొప్పతనమంతయు దాని సన్నని రంధ్రములలో నున్నది. వాని ద్వారా అధికమైన చెమ్మ వెలుపలికి పోవును. వేళ్లకు గాలి తగులును. మేము వానిని మూసివేసితిమి. పిల్లలు ప్రేమతో పూటపూటకును నీరు పోసిరి. వేళ్లు కుళ్లి సగము మొక్కలు చచ్చినవి.

రెండవది ఇంతకంటె పెద్దది. ప్రతి కుండీపైని మొక్క పేరు తెలుగున నుండవలెనని నిశ్చయించి, అక్షరములు వంకర పోరాదని పెద్దలమే కుంచె పట్టి వ్రాసితిమి. చూచినవారందరు మెచ్చుకొనిరి. మరునాడు ఒక చిన్నపిల్లను, "నీ కుండీలో ఏమి నాటినావమ్మా?" అని అడిగితిమి. ఆమె మట్టిలోనికి తొంగి చూచి, "ఇంకా మొలవలేదు మామా, మొలిచినాక చెప్తాను" అన్నది. "మెంతులు" అను అక్షరములు ఆమె కన్నుల యెదుటనే యున్నవి. ఇంట చక్కని తెలుగు మాటలాడు పిల్ల, చదువలేకపోయినది. మేము వ్రాసిన అందమైన అక్షరములు ఆమెకు ముగ్గుతో సమానమైనవి.

తప్పు పిల్లది కాదు. ఈ రాష్ట్రమున 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి ఒకటవ తరగతి మొదలుకొని పదవ తరగతి వరకు తమిళము క్రమముగా నిర్బంధ పాఠ్యాంశమైనది. తమిళము మనలను తరతరములుగా పోషించిన నేల భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్చుట మనకు సంతోషమే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప యత్నించవలెనని రాజ్యాంగములో 1956లో చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. దానిని గూర్చి అర్జీలు వ్రాయుట సంఘము పని. కాని అర్జీకి బదులు వచ్చువరకు పిల్లల వయస్సు ఆగదు. ఇంట అక్షరము దిద్దించుట మన పని.

కనుక ఈ యేడు పద్ధతి మార్చితిమి. సంక్రాంతికి మానామదురై మున్నగు చోట్ల నుండి మట్టిపాత్రలు అంగడికి వచ్చును. అడుగున రంధ్రమున్న కుండీని ఎంచి, వ్రేలి కణుపుతో తట్టి చూడుడు. ఖంగుమన్నచో మంచిది, బొత్తుమన్నచో పగులున్నది. కడిగి, రెండు దినములు ఎండనిచ్చి, వెలుపల మాత్రమే రంగు వేయించవలెను. తుమ్మబంక నానిన నీటిలో జేగురు కలిపిన ఎరుపు, సుద్దపొడి కలిపిన తెలుపు వచ్చును. ఈ రెండు చాలును. సున్నము పిల్లల చేతి కీయరాదు. కంట పడినచో ప్రమాదము. ఇంట మిగిలిన పాత తైలవర్ణపు డబ్బాలును వలదు. రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది.

రంధ్రముపై ఒక పెంకు ముక్క నుంచి, రెండు పాళ్లు మన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా మాగిన ఎరువు కలిపి నింపుడు. రాత్రి నానవేసిన మెంతులు మూడు నాలుగు దినములలో మొలచును. సంక్రాంతి నాటికి లేత కూరయగును. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లవలెను. అవి మొలచుటకు పది దినములు పట్టవచ్చును. ఆ పది దినములును మట్టిలో నున్నదేమో చెప్పునది అక్షరమొక్కటే. దానిని నాటిన చేయియే వ్రాయవలెను.

మెంతులు మన పిల్లల నోట వెందయమైనవి, ధనియాలు కొత్తమల్లియైనవి. ఆ మాటలును ఉండనిండు. వానితో పాటు మన మాటయు కుండీ మీదికి రావలెను. తులసి అని వ్రాసినచో కొమ్మును గుడియు వచ్చును. మల్లె అని వ్రాసినచో ఒత్తును ఎత్వమును వచ్చును. గోంగూర యను ఒక్క మాటలో ఓత్వము, సున్న, కొమ్ముదీర్ఘము మూడును దొరకును. నాలుగు కుండీలు వ్రాసిన పిల్ల గుణింతములో మంచి భాగము దిద్దినట్లే.

బంకతో కలిపిన రంగు నీటి చెమ్మకు కొన్నాళ్లలో చెరిగిపోవునని మీరు అనవచ్చును. చెరుగుటయే మనకు కావలసినది. చెరిగినప్పుడెల్ల పిల్ల మరల వ్రాయవలెను.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. కుంచె మీరు పట్టకుడు. తలకట్టు పక్కకు ఒరిగినను, ఒత్తు కిందికి జారినను నవ్వకుడు. పిల్ల అడిగినచో పలక మీద వ్రాసి చూపుడు. కుండీ మాత్రము ముట్టకుడు. మీలో తెలుగు చదువ రానివారున్నచో సిగ్గుపడక పిల్లలతో పాటు కూర్చుండుడు. మా తరములోనే అట్టివారు పలువురున్నారు.

సంక్రాంతి నాడు కుండీలన్నియు సంఘ భవనమునకు తెండు. అందమునకు బహుమతి లేదు. ప్రతి పిల్లయు తన కుండీపైని పేరును, పక్క కుండీపైని పేరును పెద్దగా చదువవలెను. గత సంవత్సరము చదువలేకపోయిన ఆ చిన్నపిల్లను మొదట పిలిచెదము. విత్తనములును కుంచెలును సంఘము తరఫున ఇచ్చెదము. కుండీయు, ఓర్పును మీరు తెచ్చుకొనుడు.

సెలవు.