సంతానం కోరే దంపతులకు రోజుల లెక్క
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే పంతుళ్ళం. ఈ రోజు చెప్పబోయేది కూడా ఒక లెక్కే. సభలో ఈ సంగతి ఎత్తవచ్చునా అని కొందరు సందేహించారు. హైజ్, గుసుల్ మసలాలు చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళమే గదా మనమందరం. అదబ్ తప్పకుండా చెబుతాము.

మన పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు జనవరి ఉర్సులో హిందువులు, ముస్లిములు వేలకొద్దీ వస్తారు. బిడ్డ కోసం దువా చేసుకునే కోడండ్లు వారిలో ఎందరో. దువా చేయవలసిందే. కాని ఇల్లు చేరగానే ఆ కోడలికి వినబడే మాట ఏమిటి? "గొడ్డుది."

ఆ మాట మా ఇంట్లో కూడా వినబడ్డది. మా ఇంటావిడ ఇజాజత్‌తోనే చెబుతున్నాము. పెళ్ళయి రెండేండ్లు దాటినా మాకు సంతానం లేదు. మా నౌకరీ దూరపు ఊళ్ళో. పదిహేను రోజులకొక ఆదివారం ఇంటికి వచ్చేవాళ్ళం. వేసవి సెలవుల్లో ట్రైనింగుకు హైదరాబాదు పోయేవాళ్ళం. "ఇంకో నికాహ్ చేసుకోరాదా పంతులూ" అన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. చివరకు ఒక డాక్టరమ్మ, "మీరు ఇంటికొచ్చిన తేదీలు, ఆమె నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసి తెండి" అన్నది. రాసి చూసుకుంటే సిగ్గయింది. ఆమె నెలసరి 28 రోజులకొకసారి, మా రాక 14 రోజులకొకసారి. అంటే నెలనెలా అవే రెండు రోజులు. ఒకటి హైజ్‌లో పడేది, ఇంకొకటి అదను దాటినాక పడేది. పిల్లలకు ఎక్కాలు చెప్పే మాకే ఈ లెక్క తట్టలేదు. దోషం మాత్రం రెండేండ్లు ఆమె మోసింది.

ఇక అసలు లెక్క వినండి. జపాను డాక్టరు క్యుసాకు ఒగినో 1924లో దీనిని బయటపెట్టారు. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు, అంటే 12 నుంచి 16 రోజుల ముందు. విడుదలైన అండం ఒక్క రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం స్త్రీ గర్భంలో ఐదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజులే అదను. నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కించాలి. 28 రోజుల నెలసరి అయితే 9 నుంచి 14వ రోజు దాకా. 32 రోజులయితే 13 నుంచి 18 దాకా. గుసుల్ అయిన మరునాడే అదను అనుకోవడం అందరికీ సరిపడదు.

నెలనెలా తేడా వచ్చేవారు ఆరు నెలల తేదీలు రాసుకోవాలి. అన్నిటికన్న చిన్న నెలసరిలోంచి 18, పెద్దదానిలోంచి 11 తీసివేయాలి. చిన్నది 26, పెద్దది 31 అయితే 8వ రోజు నుంచి 20వ రోజు దాకా. శరీరం కూడా గుర్తు చెబుతుంది. ఆ రోజుల్లో తెలుపు కోడిగుడ్డు తెల్లసొనలాగ పలుచగా, జారుడుగా సాగుతుంది.

ఇదేమీ మనకు కొత్త చదువు కాదు. నమాజు ఎప్పుడు మానాలి, రంజాన్‌లో తప్పిన రోజాలు ఎన్ని, ఇద్దత్ ఎప్పుడు తీరుతుంది అని మన ఆడవాళ్ళు తరతరాలుగా లెక్క పెడుతూనే ఉన్నారు. ఆ లెక్క మగవాడి చెవిన పడకపోవడమే లోపం. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, లారీల మీద, హైదరాబాదులో, గల్ఫులో పనిచేసే తమ్ముళ్ళు సెలవు అడిగే ముందు ఇంట్లో ఒక మాట అడిగితే చాలు.

1952లో మన ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి మైసూరు ప్రాంతపు రామనగరంలో స్త్రీలకు ఎర్ర, పచ్చ పూసల దండలిచ్చి ఈ రోజులనే గుర్తుపట్టించాయి. అక్కడ కోరింది కాన్పుల ఎడం, మనం కోరేది బిడ్డ. లెక్క ఒక్కటే. ఆ ప్రయత్నం అంతగా ఫలించలేదు. అందుకే దీనిని గ్యారంటీ అనుకోవద్దు. వయసులో ఉన్న దంపతులకు కూడా, అదను చూసుకున్నా, ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇంకొక మాట: ఏ రోజున కలిసినా కొడుకో కూతురో ఆ రోజు తేల్చదు. అది తండ్రి వీర్యకణం వల్ల తేలుతుంది. ఆడపిల్లలను కన్నదని తల్లిని అనడం జుల్మ్.

ఏడాది చూసినా ఫలితం లేకపోతే, భార్యకు 35 ఏండ్లు దాటి ఉంటే ఆరు నెలలకే, డాక్టరును కలవాలి. నెలసరి 21 రోజుల లోపల గాని 35 రోజులు దాటి గాని వచ్చేవారు అంతదాకా కూడా ఆగవద్దు. పోయేటప్పుడు ఇద్దరూ పోవాలి. సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. మగవాడి పరీక్ష సులువు, ఖర్చు తక్కువ, కత్తి పడేది లేదు. కాని దానికి ముందుకొచ్చేవాడు అరుదు. భార్యకు అన్ని పరీక్షలూ చేయించి తాను గేటు బయట బీడీ కాల్చుకునే భర్తను మేము చూశాము.

సోదరులారా, ఔలాద్ ఇచ్చేవాడు అల్లాహ్. తేదీలు రాసుకోవలసింది మనం. ఈ రాత్రి ఇంటికి పోయి గోడ మీది క్యాలెండరు తీసి, ఇద్దరూ కలిసి ఒక్క గుర్తు పెట్టండి. ఏ ఇంటి కోడలినీ ఆ చెడ్డ మాట అనకండి, మీ ఎదుట ఎవరన్నా అంటే ఊరుకోకండి.