ఎడమకాలి పాఠము

హైదరాబాదులో బడిపంతులై, తానును ఫుట్‌బాల్ ఆడి, 1950 నుండి సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, పిదప భారతజట్టును 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకమునకు నడిపించిన మహాశయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. రెండు స్వర్ణములు, గురువొక్కడే.

జకార్తాలో తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ఆయన ముందువరుసకు మార్చెను. దక్షిణ కొరియాతో తుదిపోటీలో అతడు గోలు కొట్టెను, మనవారు గెలిచిరి. కొందఱు ఈ మార్పును సాహసమందురు. నేను ఆలోచన అందును. గురువు అప్పటికే క్యాన్సరు పీడితుడు; 1963లో గతించెను.

ఆయన శిక్షణలో నాకు మిక్కిలి నచ్చినవి, వాటములేని కాలితోనే తన్నవలెనను నియమముతో పెట్టిన పోటీలు. రెండు కాళ్లును సమముగా పనిచేయవలెనని తాత్పర్యము. పట్టిసీమ ఇసుకతిన్నెలపై ఆడు బాలకులారా, కుడికాలివాటమువారు రేపు ఎడమకాలితోనే ఆడి చూడుడు.